గోదాము నెత్తిన గానమందిరం

హాంబర్గ్ రేవు, 1963. ఎల్బే నదిలోకి పొడుచుకొచ్చిన నేల కొసన పాత గోదాము ఒకటి శిథిలమై నిలబడి ఉంది. పేరు కైజర్‌ష్పైషర్. 1875లో కట్టింది. దాని గోపురం మీద ఒక పెద్ద గోళం ఉండేది. రోజూ తప్పకుండా ఒకే వేళకి ఆ గోళం కిందికి జారేది. లంగరేసిన ఓడల మీంచి నావికులు దాన్ని చూసి తమ గడియారాలు సరిచేసుకునేవారు. నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో లెక్క కట్టాలంటే గడియారం నిక్కచ్చిగా నడవాలి. అలా రేవుకి వచ్చిన ప్రతి ఓడకీ ఆ గోపురంతో పని ఉండేది.

యుద్ధంలో బాంబులు పడి గోదాము దెబ్బతింది. యుద్ధం ముగిసిన పద్దెనిమిదేళ్లకి, మిగిలిన గోపురంతో సహా దాన్ని మందుగుండు పెట్టి పడగొట్టారు. ఊరి జనం చిన్నప్పటి నుంచి చూస్తూ వచ్చిన గుర్తు ఒక్క పూటలో నేలమట్టమైంది.

ఆ స్థలంలోనే కొత్త గోదాము కట్టే పని వెర్నర్ కాల్‌మోర్గెన్‌కి అప్పగించారు. ఈయన గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. 1902లో పుట్టిన ఈ ఆర్కిటెక్టు, యుద్ధం తర్వాత హాంబర్గ్ పాత గోదాముల పేట ష్పైషర్‌ష్టాట్‌ని తిరిగి నిలబెట్టే పనిలో ఏళ్ల తరబడి గడిపాడు. కాలిపోయిన ఇటుక గోడల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. అలాంటి మనిషి 1963 - 66 మధ్య కట్టిన కొత్త గోదాములో గోపురం లేదు, శిల్పం లేదు, ఒక్క నగిషీ లేదు. ఎర్రటి ఇటుక గోడ, దాని నిండా వరసలు తీరిన చిన్న చిన్న కంతల్లాంటి కిటికీలు, అంతే. మూలలు కూడా సమానంగా లేవు. స్థలం ఎలా ఉంటే అలా, ఒక వైపు వెడల్పుగా, ఇంకో వైపు ఇరుకుగా కట్టుకొచ్చాడు. ఓడ పక్కకి వచ్చి ఆగేది, క్రేన్లు బస్తాలు ఎత్తి లోపలికి అందించేవి. కోకో గింజలు, తేయాకు, పొగాకు. వాటి బరువు మోయడానికి నది ఒడ్డు బురదలో 1,111 కాంక్రీటు పైల్స్ దింపారు. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

కైష్పైషర్ ఎ అని దానికి పేరు పెట్టారు. అది వాడకంలోకి వచ్చిన రెండేళ్లకే, 1968 మే నెలాఖరున, అమెరికన్ లాన్సర్ అనే ఓడ హాంబర్గ్‌కి వచ్చింది. దాని మీద బస్తాలు లేవు, కంటైనర్లున్నాయి. కంటైనరుకి గోదాముతో పని లేదు. ఓడ మీంచి లారీ మీదికి, లారీ మీంచి ఊరికి. కాల్‌మోర్గెన్ ఎంతో ఆలోచించి కట్టిన భవనానికి పుట్టీ పుట్టగానే కాలం చెల్లడం మొదలైంది. ఆయన 1979లో పోయాడు. 1990ల నాటికి గోదాములో సరుకు నిండుకుంది.

* * *

అదే సమయంలో హాంబర్గ్ నగరం ఒక పెద్ద పని తలపెట్టింది. పాత రేవు స్థలాలను ఇళ్లుగా, ఆఫీసులుగా, పార్కులుగా మార్చి హాఫెన్‌సిటీ అనే కొత్త పేట కట్టాలి. ఆ పేటకి పడమటి కొసన, నదికి ఎదురుగా, ఊళ్లో ఎక్కడి నుంచైనా కంటపడే చోట ఈ ఖాళీ గోదాము. అక్కడ మీడియా కంపెనీలకి ఆఫీసుల టవర్ కట్టాలని ముందు అనుకున్నారు. ఇంటర్నెట్ కంపెనీల బుడగ పేలడంతో ఆ ఆలోచన చతికిలబడింది.

అప్పుడు కథలోకి ఒక జంట వచ్చింది. అలెగ్జాండర్ గెరార్డ్ ఆర్కిటెక్టు, స్థలాలు అభివృద్ధి చేసే వ్యాపారి. ఆయన భార్య యానా మార్కో కళాచరిత్ర చదువుకున్న మనిషి. 2001లో వాళ్లిద్దరూ ఒక మాట పట్టుకుని తిరగసాగారు. ఆఫీసులు కాదు, అక్కడ సంగీతశాల కట్టాలి. జ్యూరిక్‌లో గెరార్డ్‌తో కలిసి చదువుకున్న ఇద్దరు స్నేహితులు అప్పటికి ప్రపంచం మెచ్చిన ఆర్కిటెక్టులు, జాక్ హెర్ట్‌సోగ్, పియేర్ ద మ్యూరాన్. వాళ్ల దగ్గరికి వెళ్లారు.

2003 జూన్ 26న ఆ ఆర్కిటెక్టులు గీసిన బొమ్మ ఊరి ముందుకి వచ్చింది. కింద కాల్‌మోర్గెన్ ఇటుక గోదాము, ఎప్పటిలాగే మొండిగా, మూగగా. దాని నెత్తిన అదే కొలతల్లో గాజు భవనం. ఆ గాజు పైకప్పు ఎగసిపడే కెరటాల ఆకారంలో. రెంటి మధ్య నదిని నలువైపులా చూడగలిగే ఒక విశాలమైన అంతస్తు, అందరికీ తెరిచి ఉంచే వరండాలా.

ఊరు ఊరంతా ఆ బొమ్మతో ప్రేమలో పడింది. గోపురం పోగొట్టుకున్న చోట మళ్లీ తలెత్తి చూసేదొకటి రాబోతోంది. దాతలు ముందుకొచ్చారు, కోట్ల యూరోలు చేరాయి. పత్రికలు పొగిడాయి. నిజానికి ఆ బొమ్మ అందమే తర్వాత వచ్చిన కష్టాలకి మూలమని నాకనిపిస్తుంది. బొమ్మని చూసి మురిసినవాళ్లలో నక్షాలు పూర్తయ్యాయా అని అడిగినవాళ్లు తక్కువ.

లెక్కలు త్వరగా చెప్పేస్తాను. 2004లో ప్రాజెక్టు గెరార్డ్ చేతిలోంచి నగరం చేతిలోకి వెళ్లింది. 2005లో వేసిన అంచనాలో ప్రజాధనం వాటా 7.7 కోట్ల యూరోలు. 2007 ఫిబ్రవరిలో నగర శాసనసభ ఏకగ్రీవంగా ఒప్పుకునే నాటికి అది 11.4 కోట్లు. అదే ఏడు ఏప్రిల్ 2న శంకుస్థాపన. 2010లో కచేరీలు మొదలవుతాయన్నారు.

* * *

ఇక అసలు పని గోడ దగ్గర మొదలైంది.

గోదాము యథాతథంగా ఉంటుంది, దాని నెత్తిన కొత్తది పెడతారు అని బొమ్మ చూసినవాళ్లందరూ అనుకున్నారు. ఇంజనీర్లు లెక్క కడితే అది కుదరలేదు. పైన గాజు భవనంలో రెండు సంగీతశాలలు, ఒక హోటల్, ఇళ్లు. కింద గోదాములో వందల కార్లకి పార్కింగ్, సంగీతం నేర్పే గదులు, తెరల వెనక పనులకి చోటు. కోకో బస్తాల కోసం వేసిన అంతస్తులు ఈ కొత్త వాడకానికీ, నెత్తిన పడే కొత్త బరువుకీ తగినవి కావు. కాబట్టి లోపలున్నదంతా తీసేయాలి. అంతస్తులు, స్తంభాలు, మెట్లు, అన్నీ. బయటి గోడ ఒక్కటే ఉంచాలి.

ఊహించుకోండి. ఇన్నాళ్లూ ఆ గోడని నిలబెట్టినవి లోపలి అంతస్తులే. ప్రతి అంతస్తూ గోడని వెనక నుంచి పట్టుకుని ఉంది. ఇప్పుడు ఆ పట్టు ఒక్కొక్కటే వదిలేస్తున్నారు. నది మీంచి వచ్చే గాలికి అడ్డేదీ లేదు. అందుకని ఒక అంతస్తు తీసే ముందే గోడకి ఉక్కు ఆధారాలు బిగించాలి, ఆ ఆధారం గోడ భారం అందుకున్నాకే కాంక్రీటు పగలగొట్టాలి. కొత్త భవనం కట్టేటప్పుడు పొరపాటు జరిగితే పగలగొట్టి మళ్లీ పోసుకోవచ్చు. ఇక్కడ పొరపాటు జరిగితే కాల్‌మోర్గెన్ గోడని మళ్లీ కట్టేవాళ్లు లేరు. కట్టినా అది ఆ గోడ కాదు.

కొన్ని నెలలకి గోదాము గుజ్జు తీసిన కొబ్బరి చిప్పలా మిగిలింది. రోడ్డు మీంచి చూసేవాళ్లకి తేడా తెలియదు. అదే ఎరుపు, అవే కంతలు. కానీ ఆ కంతల్లోంచి అవతల ఆకాశం కనిపిస్తోంది.

అప్పుడు ఆ గోడల మధ్యకి పైలింగ్ యంత్రాలు దిగాయి. పాత 1,111 పైల్స్ చాలవు. పూర్తయ్యే నాటికి ఈ భవనం బరువు సుమారు 2 లక్షల టన్నులు. కాబట్టి ఇంకో 650 పైల్స్ దింపాలి. మొత్తం 1,761. ఖాళీ నేల మీద పైలింగ్ చేయడం ఎక్కడైనా జరిగేదే. ఇక్కడ పాత పైల్స్ ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకుని వాటి మధ్య దింపాలి, చుట్టూ నాలుగు వైపులా ఊతం మీద నిలబడ్డ ఇటుక గోడ అదరకుండా దింపాలి. ఈ పని బయటి కంటికి అసలు కనపడదు. పత్రికల్లో ఫొటోలన్నీ గాజువే. గోడని కాపాడిన ఆ కూలీలు, మేస్త్రీలు, క్రేన్ ఆపరేటర్లు ఎవరో మనకి తెలియదు. నా మటుకు ఈ గాథలో అన్నిటికంటే గొప్ప ఘట్టం అదే.

పాత కట్టడం ముఖం మాత్రం ఉంచి ఒళ్లంతా తీసేయడం మీద యూరప్‌లో చాలా ఏళ్లుగా వాదన ఉంది. అది సంరక్షణ కాదు, ముసుగు తొడగడం అంటారు కొందరు. ఆ మాటలో నిజముంది. గోదాము అంటే దాని గోడ మాత్రమే కాదు. బస్తాలు దొర్లిన నేల, కోకో వాసన పట్టిన స్తంభాలు, బరువు లెక్కలు రాసుకున్న చోటు కూడా. అవి పోయాక మిగిలింది సగమే. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ష్పైషర్‌ష్టాట్ ఇక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. అక్కడి గోదాముల్లోకి వెళ్తే గోడతో పాటు నేలా, పైకప్పూ, మెట్లూ కనిపిస్తాయి. పోల్చి చూస్తే కైష్పైషర్‌కి ఏం దక్కలేదో వెంటనే అర్థమవుతుంది.

అయినా నేను ఆ గోడ పక్షమే. ఎందుకంటే రెండో దారి అదే స్థలంలో 1963లో జరిగినదే. ఈ గోడకి వయసూ లేదు, అలంకారమూ లేదు. నలభయ్యేళ్ల సాదా ఇటుక గోడని పడగొడితే పెద్దగా ఏడ్చేవాళ్లు ఉండరు. అలాంటిదాన్ని ఉంచాలని నిర్ణయించుకోవడానికి ధైర్యం కావాలి.

* * *

గోడ నిలిచింది. కానీ గోడ పైన ఊరు తడబడింది.

నక్షాలు పూర్తి కాకుండానే టెండర్లు పిలిచారు. నగరం ఆర్కిటెక్టులతో ఒక ఒప్పందం, కాంట్రాక్టరు హోఖ్‌టీఫ్‌తో ఇంకో ఒప్పందం రాసుకుంది. ఆర్కిటెక్టులకీ కాంట్రాక్టరుకీ మధ్య మాత్రం ఏ ఒప్పందమూ లేదు. వాళ్లు ఒకటి గీస్తారు, వీళ్లు ఒకటి అడుగుతారు, బిల్లు నగరానికి వస్తుంది. మార్పు వచ్చిన ప్రతిసారీ గడువు జరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. 2008 చివరికి ప్రజల మీద పడే భారం 32.3 కోట్ల యూరోలకి చేరింది. అంతకు ముందే నగరం తరఫున ప్రాజెక్టు నడిపిస్తున్న అధికారిని తప్పించారు.

కట్టాల్సినది కూడా మామూలుది కాదు. 2,100 మంది కూర్చునే పెద్ద హాలు. మధ్యలో వేదిక, చుట్టూ మెట్లు మెట్లుగా శ్రోతలు. ఏ కుర్చీ నుంచీ సంగీత నిర్వాహకుడి దాకా 30 మీటర్లకి మించి దూరం ఉండకూడదు. బయట రేవు ఉంది, ఓడలు కూత పెడతాయి. ఆ కూత లోపలికి వినపడితే హాలు దండగ. అందుకని 12,500 టన్నుల ఆ హాలుని భవనం నుంచి విడదీసి 362 స్ప్రింగ్ కట్టల మీద కూర్చోబెట్టారు. జపాన్ ధ్వని నిపుణుడు యసుహిసా టొయోటా లెక్కల ప్రకారం హాలు లోపలి గోడలకి సుమారు 10,000 జిప్సం పలకలు అమర్చారు. ప్రతి పలక మీదా గుంటలు చెక్కారు. ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవు. శబ్దం ఒకే దిక్కుకి కొట్టుకుని తిరిగి రాకుండా నలుమూలలకీ పరుచుకోవాలని ఆ ఏర్పాటు. బయట సుమారు 1,100 గాజు పలకలు, వాటిలో చాలా వాటిని విడివిడిగా వంచి చేశారు.

2011 నవంబరు. పెద్ద హాలు పైకప్పు పని జరుగుతోంది. పైకప్పు భారం నిలుస్తుందన్న నమ్మకం తమకి లేదంటూ కాంట్రాక్టరు పని ఆపేసింది. నిలుస్తుందని ఆర్కిటెక్టుల పక్షం. ఎవరి మాట నమ్మాలో తేల్చుకోలేక నగరం మధ్యలో చిక్కుకుంది. 2010లో తెరుచుకోవాల్సిన సంగీతశాల 2011 దాటింది, 2012 దాటింది. క్రేన్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఊరికి గర్వకారణం కావాల్సిన భవనం ఊరి నోళ్లలో నానే నవ్వులాట అయింది. బెర్లిన్ కొత్త విమానాశ్రయం, ష్టుట్‌గార్ట్ రైల్వే స్టేషను, హాంబర్గ్ సంగీతశాల అని మూడింటినీ ఒకే వరసలో చెప్పుకోవడం జర్మనీ అంతటా పరిపాటైంది.

అప్పటి మేయరు ఓలాఫ్ షోల్ట్స్, తర్వాత రోజుల్లో జర్మనీ ఛాన్సలర్ అయిన మనిషి. 2011 మార్చిలో పదవిలోకి వచ్చి ఈ చిక్కుముడిని నెత్తికెత్తుకున్నాడు. నగర సంస్కృతి శాఖ బాధ్యురాలు బార్బరా కిస్సెలర్. ఒప్పందం తెంచుకుని నగరమే సొంతంగా కట్టుకోవాలా, అదే కాంట్రాక్టరుతో మళ్లీ మాట్లాడాలా? రెండు దారులూ ఖరీదైనవే. రెండోదాన్ని ఎంచుకున్నారు. 2013లో కొత్త ఒప్పందం కుదిరింది. ఇకమీదట ఆర్కిటెక్టులూ కాంట్రాక్టరూ ఒకే తాటి మీద పని చేయాలి. ఖర్చు ఎంత పెరిగినా భారం కాంట్రాక్టరుదే. గడువు 2016 అక్టోబరు 31. అందుకు నగరం చెల్లించిన మూల్యం ఏమిటంటే, ప్రజాధనం వాటా 78.9 కోట్ల యూరోలకి చేరింది. దాతల విరాళాలతో సహా అన్నీ కలుపుకుంటే 86.6 కోట్లు. మొదట చెప్పిన 7.7 కోట్ల పక్కన ఈ అంకె పెట్టి చూస్తే పన్ను కట్టినవాడి కోపం అర్థం కాకుండా పోదు. శాసనసభ విచారణ సంఘం 2014లో ఇచ్చిన నివేదిక చెప్పిందీ అదే: తొందరపడి మొదలుపెట్టారు, నక్షాలు పూర్తి కాలేదు, ఒప్పందాల అమరిక తప్పు.

ఆ కోపం కొందరు గోడ మీద కూడా చూపించారు. పాతది ఉంచబట్టే ఇంత ఖర్చయిందన్నారు. నేను ఒప్పుకోను. గోడని ఉంచడం కష్టమైన పనే, ఖర్చున్న పనే. కానీ పదేళ్ల చిక్కు ఇటుకల వల్ల రాలేదు, కాగితాల వల్ల వచ్చింది. మన దగ్గర కూడా పాత కట్టడం కూల్చాలనుకున్నప్పుడు ముందుగా వినిపించేది ఖర్చు మాటే కాబట్టి ఈ తేడా గట్టిగా చెప్పాలి.

* * *

గడువు తప్పలేదు. 2016 అక్టోబరు 31న భవనం అప్పగించారు. ఆ సాయంత్రం గాజు కిటికీల్లో దీపాలు అక్షరాలుగా వెలిగాయి. పని పూర్తయిందని జర్మన్‌లో చెప్పే ఒకే ఒక్క మాట, ఊరంతటికీ కనిపించేలా. బార్బరా కిస్సెలర్ ఆ దీపాలు చూడలేదు. మూడు వారాల ముందు, అక్టోబరు 7న, క్యాన్సర్‌తో ఆమె కన్నుమూసింది. కొత్త ఒప్పందం కుదిర్చిన వాళ్లలో ముందు వరసలో ఉన్న మనిషి, తాళం తీసే రోజుకి లేదు.

2017 జనవరి 11న తొలి కచేరీ. ఛాన్సలర్ ఆంగెలా మెర్కెల్ వచ్చింది, దేశాధ్యక్షుడు గౌక్ వచ్చాడు. వాళ్లతో పాటు లాటరీలో పేరొచ్చిన మామూలు జనం వెయ్యి టిక్కెట్ల మీద వచ్చి కూర్చున్నారు. ఇది ఆ ఊరు చేసిన మంచి పనుల్లో ఒకటి. ఇంత డబ్బు పోసింది వాళ్లే. థామస్ హెంగెల్‌బ్రోక్ నిర్వహణలో కచేరీ ఒకే ఒక్క ఓబో వాద్యంతో మొదలైంది. బ్రిటెన్ రాసిన చిన్న రచన అది. వాయించినవాడు వేదిక మీద లేడు, పైన శ్రోతల మధ్య ఉన్నాడు. 12,500 టన్నుల హాలు, 362 స్ప్రింగులు, 10,000 పలకలు ఎందుకో ఆ ఒక్క పీక చెప్పేసింది. చివర బీతోవెన్ తొమ్మిదో సింఫనీలోని ఆఖరి భాగం.

ఇప్పుడు ఎవరైనా అక్కడికి వెళ్లొచ్చు. కచేరీ టిక్కెట్ అక్కర్లేదు. తూర్పు వైపు ఇటుక గోడలో తెరిచిన ద్వారం గుండా లోపలికి వెళ్తే 82 మీటర్ల పొడవున్న ఎస్కలేటర్ ఉంటుంది. అది తిన్నగా పోదు, మధ్యలో కొద్దిగా ఒంపు తిరుగుతుంది, అందుకే మొదట్లో అవతలి కొస కనపడదు. ఎక్కినవాళ్లు చివరికి నది వైపు పెద్ద కిటికీ ముందు తేలతారు. అక్కడి నుంచి ఇంకొంచెం పైకెక్కితే 37 మీటర్ల ఎత్తున ప్లాజా. ఇటుక నేల, చుట్టూ నది, ఓడలు, క్రేన్లు, ఊరి చర్చి గోపురాలు.

నాకు ఒకటే లోటు కనిపిస్తుంది. ఆ ఎస్కలేటర్ సాగేది సరిగ్గా పాత గోదాము గర్భంలోంచే. కానీ ఎక్కినవాళ్లకి అటూ ఇటూ తెల్లటి పూత, అందులో పొదిగిన గాజు బిళ్లలు తప్ప ఏమీ కనిపించవు. ఊతం మీద నెలల తరబడి నిలబడిన ఇటుక గోడని లోపలి వైపు నుంచి ఒక్క గజం మేర చూపించినా బాగుండేది. ఒక పాత పైల్ తల, కొత్త పైల్ తల పక్కపక్కన పెట్టినా బాగుండేది. లక్షల మంది ఆ దారినే కెరటాన్ని చూడ్డానికి వెళ్తున్నారు. తాము కాల్‌మోర్గెన్ గోదాములోంచి వెళ్తున్నామని వాళ్లలో చాలామందికి తెలియదు. ఆ ఖర్చు 86.6 కోట్లలో లెక్కలోకి కూడా వచ్చేది కాదు. ఇప్పటికైనా చేయొచ్చు.